రైతు బజారులో వారం పద్దు: ఏడు వందలతో ఊరి కూరగాయలు తినడం ఎలా?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ రైతు బజారుకి ఆదివారం పొద్దున్న ఆరున్నరకి వెళ్ళి చూడండి. గేటు దగ్గర ధరల బోర్డు మీద సుద్దముక్కతో అప్పుడే రాసిన అంకెలు ఉంటాయి. ఒక పక్క ఆటోల్లోంచి వంకాయల బస్తాలు దిగుతుంటాయి. ఇంకో పక్క ఆనందపురం వైపునుంచి వచ్చిన ఆడవాళ్ళు తడిగోనె మీద తోటకూర కట్టలు పేర్చుకుంటూ ఉంటారు. మా ఇంట్లో నలుగురం. వారానికి సరిపడా కూరలు, ఆకుకూరలు, పళ్ళు ఏడు వందల రూపాయలకి అక్కడినుంచే తెచ్చుకుంటాం. బియ్యం, పప్పు, నూనె, పాలు ఈ లెక్కలో లేవు. అవి నెలసరి సరుకుల పద్దులోకి వెళ్తాయి.

ఈ పద్ధతి కుదరడానికి మాకు ఏడాదికి పైగా పట్టింది. మీకు అంత పట్టకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను. మీరు హైదరాబాదులో ఎర్రగడ్డకో మెహిదీపట్నానికో వెళ్ళేవాళ్ళైనా, మీ ఊళ్ళో వారపు సంతే దిక్కైనా, అంకెలు మారతాయి గాని పద్ధతి ఇదే.

ముందు బజారు సంగతి తెలుసుకోండి

రైతు బజార్లు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999 జనవరి 26న మొదలయ్యాయి. అప్పుడు చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రి. పండించినవాడు దళారీ లేకుండా తన సరుకు తానే అమ్ముకోవాలి, కొనేవాడికి బయటికన్నా తక్కువకి దొరకాలి అన్నది ఆలోచన. అందుకే ఇక్కడ ధర అమ్మేవాళ్ళ ఇష్టం కాదు. టోకు మార్కెట్టు ధర కన్నా కాస్త ఎక్కువగా, బయటి చిల్లర ధర కన్నా తక్కువగా ఉండేలా ఏ రోజుకారోజు నిర్ణయించి బోర్డు మీద రాస్తారు. బజారుకి ఎస్టేట్ ఆఫీసరు ఉంటారు. ధరలోనో తూకంలోనో తేడా వస్తే ఆయనకే చెప్పాలి.

లోపల అమ్మేవాళ్ళంతా ఒకటి కాదు. గుర్తింపు కార్డు ఉన్న రైతులు ఒక రకం. వాళ్ళు తమ మడిలో పండినవే తెస్తారు, కాబట్టి వాళ్ళ దగ్గర రెండు మూడు రకాలే ఉంటాయి. డ్వాక్రా సంఘాల దుకాణాలు ఇంకో రకం. ఉల్లిపాయలు, బంగాళాదుంపలు, వెల్లుల్లి లాంటి, చుట్టుపక్కల పండని సరుకు ఎక్కువగా వాళ్ళ దగ్గర దొరుకుతుంది. ఒకే దుకాణంలో పదిహేను రకాలు ఒకే తీరుగా మెరుస్తూ కనిపిస్తే అది లోడు మీద వచ్చిన సరుకని నేను లెక్కేసుకుంటాను. అందులో తప్పేమీ లేదు. ఊరి సరుకు కావాలంటే మాత్రం మూడు బుట్టలు ముందేసుకుని కూర్చున్న మనిషి దగ్గరికి వెళ్ళాలి.

"ఇవి మీ తోటవేనా అమ్మా?" అని అడగండి. తమవైతే జవాబు చటుక్కున వస్తుంది. "మా మడిలోవే తల్లీ, రాత్రి కోసినాం" అని ఊరి పేరు, ఎన్ని సెంట్లలో వేశారో కూడా చెప్తారు. కొన్న సరుకైతే "మంచి సరుకండీ" అని ఊరుకుంటారు.

కూరల పేర్లు రాయకండి, గళ్ళు గీయండి

చాలామంది పద్దు తప్పేది ఇక్కడే. "సోమవారం బెండకాయ వేపుడు, మంగళవారం గుత్తివంకాయ" అని చీటీ రాసుకుని బజారుకి వెళ్తారు. ఆ రోజు బెండకాయ ధర రెట్టింపు ఉన్నా, చీటీలో ఉంది కాబట్టి కొంటారు. మేమూ మొదట్లో అలాగే చేసి నెలాఖరుకి ఎందుకు సరిపోవట్లేదో తెలియక అవస్థ పడ్డాం.

మన భోజనంలోనే దీనికి ఉపాయం ఉంది. మన విస్తట్లో వంటకాలకి స్థానాలున్నాయి: పప్పు, కూర, వేపుడు, పులుసు, పచ్చడి. పప్పులో ఏ ఆకైనా, ఏ పుల్లటి కాయైనా ఇముడుతుంది. పులుసులో ఏ ముక్కైనా ఉడుకుతుంది. కాబట్టి చీటీ మీద కూర పేరు బదులు వంటకానికో గడి గీసి, అందులో స్థానం రాయండి. మా ఇంట్లో రోజుకి రెండు వంటకాలు, వారానికి పద్నాలుగు. వాటిని ఇలా పంచుకున్నాం: పప్పులు 3, కూరలు 4, వేపుళ్ళు 3, పులుసులు 2, రోటి పచ్చళ్ళు 2. చారు, మజ్జిగ పులుసు ఎలాగూ నడుస్తూనే ఉంటాయి, వాటికి గళ్ళు అక్కర్లేదు.

ఈ పద్నాలుగు ఖాళీ గళ్ళతో బజారుకి వెళ్ళండి. ఏ గడిలో ఏం పడాలో అక్కడి బోర్డు చెప్తుంది.

ఇక తూకం. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల ప్రకారం మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు కావాలి, అందులో 100 గ్రాములు ఆకుకూరలు. పళ్ళు ఇంకో 100 గ్రాములు. నలుగురికి వారానికి లెక్కేస్తే కూరలూ ఆకులూ కలిపి 11 కిలోల పైచిలుకు, పళ్ళు దాదాపు 3 కిలోలు. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు మేం అందులో సగం కూడా తినడం లేదని తేలింది. పద్దు తగ్గించడం అంటే తిండి తగ్గించడం అనుకునేవాళ్ళు ముందు ఈ లెక్క వేసుకోవాలి. సంచి బరువు పెరగాలి, ఖర్చు పెరగకూడదు. అది మన చుట్టూ ఆ కాలంలో విరివిగా పండేదాన్ని కొంటేనే కుదురుతుంది.

డబ్బు విడిగా పెట్టండి

ఏడు వందలు నోట్లుగా తీసి ఒక చిన్న పర్సులో వేసుకోండి. ఫోనుతో చెల్లించే వీలు ఇప్పుడు ఆకుకూరలమ్మే అవ్వ దగ్గర కూడా ఉంది. కానీ ఫోనులో డబ్బు తరుగుతున్నట్టు చేతికి తెలియదు. చిల్లర నోట్లు, పది రూపాయల బిళ్ళలు ఎక్కువ ఉంచుకోండి. పొద్దున్నే మొదటి బేరానికి ఐదు వందల నోటు ఇస్తే పాపం వాళ్ళు ఎక్కడినుంచి తెస్తారు?

ఇందులో ఆరు వందల చిల్లర వారం తిండికి. మిగిలిన ఎనభయ్యో వందో "అనుకోనివాటికి" అట్టేపెట్టండి. ఆ రోజు ఎవరో పొన్నగంటికూర తెస్తారు, లేదా చింతచిగురు మొదటిసారి కనిపిస్తుంది, లేదా ముంజలు దిగుతాయి. వాటిని చూసి డబ్బు లేక వెనక్కి రావడం నాకు నచ్చదు. ఊరి తిండిలో రుచంతా ఆ అనుకోనివాటిలోనే ఉంటుంది. ఏమీ కనిపించని వారం ఆ సొమ్ము కదపకండి, మే నెలలో ఆవకాయ కాయలకి పనికొస్తుంది.

ఎప్పుడు వెళ్ళాలి?

ఆకుకూరలు, లేత కాయలు కావాలంటే ఏడు లోపలే వెళ్ళాలి. సాయంత్రం వెళ్తే కొన్ని చవగ్గా దొరుకుతాయి. ఇంటికి మోసుకుపోవడం కన్నా కుప్పగా ఇచ్చేయడమే నయమనుకుంటారు రైతులు. అలా దొరికిన టమాటాలు ఆ రాత్రే పచ్చడి చేస్తే లాభం, బుట్టలో పెడితే నష్టం. వారానికో రోజు సెలవు పెట్టే బజార్లుంటాయి, మీ బజారు సంగతి ముందే కనుక్కోండి. ఆదివారం రద్దీ భరించలేనివాళ్ళకి శనివారం పొద్దున్న హాయి.

సంచి తెరవకుండా ఒక చుట్టు తిరగండి

బోర్డు దగ్గర రెండు నిమిషాలు ఆగి, అన్నిటికన్నా తక్కువ ధర ఉన్న ఐదారు పేర్లు గుర్తుపెట్టుకోండి. తరవాత ఏమీ కొనకుండా బజారంతా ఒకసారి తిరగండి. ధర ఒకటే అయినా సరుకు ఒకటి కాదు. ఒకరి వంకాయ తెల్లవారుజామున కోసింది, ఇంకొకరిది మొన్నటిది. కిలో ధర ఇద్దరి దగ్గరా అదే. రైతు బజారులో బేరం ఆడటం కన్నా ఎంచుకోవడంలోనే మనకి లాభం ఉంది.

బేరం విషయంలో నా మాట ఒకటుంది. రాత్రంతా కోసి, మూడింటికి ఆటో ఎక్కి వచ్చిన మనిషి దగ్గర రెండు రూపాయల కోసం గీచి గీచి అడగకండి. ప్రతి వారం అదే మనిషి దగ్గర కొనండి. నాలుగో వారానికల్లా అడక్కుండానే గుప్పెడు పచ్చిమిర్చో కరివేపాకు రెబ్బో కొసరుగా సంచిలో పడుతుంది. ఆ మనిషే "ఈవేళ బీరకాయ వద్దు తల్లీ, ముదిరిపోనాది" అని నిజం చెప్తుంది. ఆ ఒక్క మాటతో ఎన్ని కిలోలు చెత్తబుట్టలోకి పోకుండా మిగిలాయో లెక్కలేదు.

కొనే వరస కూడా ముఖ్యమే. ముందు బరువైనవి, గట్టివి: కంద, గుమ్మడి ముక్క, ఆనపకాయ, దోసకాయ, ఉల్లి. తరవాత వంకాయ, దొండ, చిక్కుడు. ఆ పైన టమాటా. ఆకుకూరలు అన్నిటికన్నా చివర, వేరే సంచిలో.

చేతితో చూసి ఎంచుకోవడం

ఆనపకాయని తొడిమ దగ్గర బొటనవేలి గోటితో మెల్లగా నొక్కండి. గోరు మెత్తగా దిగి, చిన్న నీటి చుక్క పైకి వస్తే లేతది. గోరు జారిపోతే లోపల గింజ ముదిరినట్టు. ఒక్క కాయకే ఆ పరీక్ష చేయండి. అన్నిటికీ గోళ్ళు గుచ్చితే ఆ గాట్లున్న కాయలు మధ్యాహ్నానికి నల్లబడి ఎవరూ కొనరు. బెండకాయ తోక విరవడం కూడా అంతే, రెండు చాలు.

వంకాయ చూడటానికి పెద్దగా ఉండి చేతికి తేలిగ్గా తగిలితే గింజ తక్కువ. ముచ్చిక పచ్చగా, ముళ్ళు గుచ్చుకునేలా ఉంటే తాజా. సూది మొనంత రంధ్రం కనిపించినా పక్కన పెట్టండి, లోపల పురుగు ఉంటుంది. దొండకాయ చిన్నది, చారలు తెల్లగా ఉన్నది తీసుకోండి. లావైనది కోస్తే లోపల ఎర్రగా పండి ఉంటుంది, వేపుడుకి పనికిరాదు. ములక్కాడని రెండు చేతులా పట్టుకుని మెలితిప్పితే వంగాలి, కర్రలా నిలబడితే పీచు.

దోసకాయని, బీరకాయని పైనుంచి చూసి చేదో కాదో చెప్పలేం. ఇంట్లో కోశాక ప్రతి కాయనుంచి చిన్న ముక్క నోట్లో వేసుకుని చూశాకే పప్పులో వేయండి. ఒక్క చేదు కాయ గిన్నెడు పప్పుని పాడుచేస్తుంది.

టమాటాలని మూడు రంగుల్లో తీసుకోండి. అర కిలో పండినవి మొదటి రెండు రోజులకి, అర కిలో దోరవి నాలుగో రోజుకి, అర కిలో పచ్చివి. పచ్చివి వారాంతానికి ఎర్రబడతాయి. బడకపోయినా పచ్చి టమాటా పప్పుకి ఏం తక్కువ?

డిసెంబరులో ఒక వారం: అంకెలతో

మా పద్దు పుస్తకంలో మంచి చలికాలపు వారం ఒకటి ఇలా ఉంది. మీ బోర్డు మీది అంకెలు వేరుగా ఉంటాయి, పొందిక చూడండి.

ఉల్లిపాయలు 2 కిలోలు 70, బంగాళాదుంప కిలో 30, టమాటా కిలోన్నర 36, వంకాయ కిలో 28, చిక్కుడుకాయ కిలో 36, ఆనపకాయ ఒకటి (కిలోన్నర తూగింది) 25, క్యాబేజీ కిలో 20, ముల్లంగి అర కిలో 12, దోసకాయ కిలో 24, కంద అర కిలో 25. ఇవి 306 రూపాయలు. ఆకుకూరలు పది కట్టలు 80. పచ్చిమిర్చి, అల్లం, కొత్తిమీర, కరివేపాకు, నిమ్మకాయలు కలిపి 64. పళ్ళలో అరటిపళ్ళు డజను 50, జామకాయలు కిలోన్నర 75, బొప్పాయి ఒకటి 45. మొత్తం 620. మిగిలినవి 80.

ఉల్లిపాయ తీసేస్తే కూరగాయలు 9 కిలోలు, బాగుచేసిన ఆకుకూరలు సుమారు 2 కిలోలు. పైన చెప్పిన 11 కిలోలకి దగ్గరగా వచ్చింది.

గళ్ళు ఇలా నిండాయి. పప్పులు: చుక్కకూర, పాలకూర, దోసకాయ. కూరలు: వంకాయ చిక్కుడుకాయ కలిపి ఒకరోజు, గుత్తివంకాయ ఒకరోజు, పాలు పోసిన ఆనపకాయ, క్యాబేజీ పెసరపప్పు. వేపుళ్ళు: తోటకూర, బంగాళాదుంప, కంద. పులుసులు: ముల్లంగి, శనివారం ముక్కల పులుసు. పచ్చళ్ళు: టమాటా, దోసకాయ. బజారుకి వెళ్ళేముందు వీటిలో ఒక్క పేరు కూడా చీటీ మీద లేదు.

ఉల్లి, బంగాళాదుంప మా చుట్టుపక్కల పండినవి కావు. వాటిని మానేయమని నేను చెప్పను. ఊరి తిండి అంటే మడి కట్టుకోవడం కాదు. ఆ రెండూ తప్ప మిగతావన్నీ పొద్దున్న ఆటోలోనో బస్సులోనో రాగలిగే దూరంలో పండినవైతే చాలు.

పులుపు మార్చడం నేర్చుకోండి

ఏడాదంతా టమాటాని పట్టుకుని వేలాడితే ఏ పద్దూ నిలవదు. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటిపోయింది. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కొని తెచ్చి రైతు బజార్లలో 50 రూపాయలకి అమ్మించింది, దానికీ జనం బారులు తీరారు. ఆ నెల మా ఇంట్లో టమాటా దాదాపు లేదు, లోటు కూడా తెలియలేదు. మనకి టమాటా ఒక పులుపు మాత్రమే. అది లేని రోజుల్లో మన ముందటితరాల వాళ్ళు ఏం చేశారో గుర్తుచేసుకుంటే చాలు.

ఉగాదికి కాస్త ముందునుంచీ పచ్చి మామిడికాయ: పప్పులో, పచ్చడిలో, పులిహోరలో. ఎండలు ముదిరాక చింతచిగురు. అది గ్రాముల లెక్కన ఖరీదే గాని గుప్పెడు నలిపి వేస్తే గిన్నెడు పప్పుకి సరిపోతుంది. వానలు పడగానే గోంగూర ఏపుగా పెరుగుతుంది. చుక్కకూర ఉండనే ఉంది. కార్తీకంలో ఉసిరికాయలు. చలికాలం ముదిరేసరికి పచ్చి చింతకాయలు, వాటితో ఏడాదికి సరిపడా తొక్కు పెట్టుకోవచ్చు. నిమ్మ, దబ్బ ఎప్పుడో ఒకప్పుడు అందుబాటులోకి వస్తూనే ఉంటాయి. అన్నీ ఖరీదైతే డబ్బాలో పాత చింతపండు ఉంటుంది.

టమాటా చవగ్గా ఉండే చలికాలం చివర, ఎండ కాస్త ఎక్కగానే, నాలుగైదు కిలోలు కొని ముక్కలు ఎండబెట్టి నిల్వ పచ్చడి పెట్టండి. జూలైలో ఆ సీసా తెరిచినప్పుడు బోర్డు మీద టమాటా ధర ఎంతున్నా మీకు పట్టదు.

కాలం చూసి కొనడం

వేసవిలో తీగజాతి కాయలు, అంటే ఆనప, దోస, పొట్ల, బీర, వాటితోపాటు బెండ, ములక్కాడ, పనసకాయ. పళ్ళలో మా ఉత్తరాంధ్రకి సువర్ణరేఖ మామిడి ముందుగా వస్తుంది, బంగినపల్లి తరవాత. తొలి వానలకి ఆకుకూరలు తడిసి కుళ్ళుతాయి, ధరా పెరుగుతుంది. అప్పుడు కంద, చేమ, అరటికాయ, దొండ మీద ఆధారపడాలి. దసరా దాటాక ఏజెన్సీనుంచి సీతాఫలాలు దిగుతాయి. చలికాలం అన్నిటికీ మంచి కాలం. అరకు వైపునుంచి క్యాబేజీ, క్యారెట్, అల్లం వస్తాయి. చింతపల్లి ప్రాంతపు రాజ్మా కూడా దొరుకుతుంది, ఒక కిలో కొని పెట్టుకుంటే నాలుగు వారాలపాటు ఒక కూర గడి నిండినట్టే. సంక్రాంతికి గుమ్మడికాయ, చిక్కుడు, తేగలు.

పండగ లెక్క కూడా వేసుకోండి. శ్రావణంలో వ్రతాలకి అరటిపళ్ళు ఎక్కుతాయి. కార్తీకంలో మాంసం మానేసేవాళ్ళు ఎక్కువ కాబట్టి కూరల ధరలన్నీ ఒక మెట్టు పైకి వెళ్తాయి. ఆ వారాల్లో "అనుకోనివాటి" సొమ్ము తీయండి.

మా తీరం వాళ్ళకి ఇంకో లెక్క ఉంది, తుఫాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళాక మాకు కొన్ని రోజులు కరెంటు లేదు, కూరగాయ కనిపించడమే గగనమైంది. అప్పటినుంచి అక్టోబరు, నవంబరు నెలల్లో మా వంటింట్లో ఒక కోయని గుమ్మడికాయ, రెండు కిలోల కంద, రెండు దోసకాయలు, వడియాల డబ్బా, చల్లమిరపకాయలు తప్పకుండా ఉంటాయి. వీటిలో దేనికీ ఫ్రిజ్జు అక్కర్లేదు.

ఇంటికి వచ్చాక ఒక గంట

బజారులో మిగిల్చిన డబ్బంతా ఇంట్లో పోయేది ఇక్కడే. సంచులు గుమ్మంలో పడేసి టిఫినుకి కూర్చుంటే ఆకుకూరలు మధ్యాహ్నానికి వేడెక్కుతాయి. మొదట నేల మీద పాత పేపర్లు పరిచి ఆకుకూర కట్టలన్నీ విప్పేయండి. కట్ట మధ్యలో తాడు బిగిసిన చోట తడి నిలిచి ఉంటుంది, కుళ్ళు అక్కడే మొదలవుతుంది. ఆ పసుపు ఆకులు, నల్లబడ్డ రెబ్బలు ఏరేయండి. ఫ్యాను కింద అరగంట ఆరనివ్వండి. గోంగూర, తోటకూర ఆకు ఒలిచి, కడక్కుండా, పొడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్జులో కింది అరలో పెట్టండి. కడిగి పెడితే రెండో రోజుకే జిగురు పడుతుంది. కొత్తిమీర వేళ్ళు కోసి డబ్బాలో అడుగున పేపరు వేసి పెట్టాలి. కరివేపాకు రెబ్బలనుంచి దూసి ఆరబెట్టి డబ్బాలో పోస్తే వారం దాటినా పచ్చగా ఉంటుంది.

ఉల్లిని, బంగాళాదుంపని ఒకే బుట్టలో ఉంచకండి, త్వరగా మొలకలొస్తాయి. టమాటా పండేదాకా బయటే ఉండాలి. కంద, గుమ్మడి, దోస, ఆనప కోసేదాకా గాలి తగిలేచోట ఉంటే చాలు. కందకి అంటిన మట్టి కడక్కండి, అదే దాన్ని కాపాడుతుంది.

వండే వరస దీన్నిబట్టే వస్తుంది. ఆది, సోమ, మంగళవారాల్లో ఆకుకూరలు. మంగళ, బుధ: బెండ, బీర, వంకాయ. గురువారం చిక్కుడు, దొండ, క్యాబేజీ. శుక్ర, శనివారాల్లో దోస, కంద, ఆనప, గుమ్మడి. ఎవరికైనా "ఈ రోజు ఇది తినబుద్ధి కావట్లేదు" అనిపిస్తే పక్క గడితో మార్చుకోండి, కానీ ఆకుకూరని మాత్రం వెనక్కి నెట్టకండి.

తొక్క, కాడ, గింజ

బీరకాయ తొక్కతో పచ్చడి మనకి కొత్తేమీ కాదు. ఆనపకాయ తొక్క కూడా అలాగే నూనెలో మగ్గించి, వేయించిన మినప్పప్పు, ఎండుమిర్చి, కాస్త చింతపండుతో నూరితే ఒక పచ్చడి గడి నిండిపోతుంది. తోటకూర కాడలు ముదురువైతే పీచు తీసి పులుసులో వేయండి, ములక్కాడల్లా నమలొచ్చు. ముల్లంగి కొనేటప్పుడు ఆకు విరిచేయనివ్వకండి. ఆ ఆకు పెసరపప్పుతో కలిపి వండితే కట్ట ఆకుకూర ఉచితంగా వచ్చినట్టే. కాలీఫ్లవర్ కాడల్ని సన్నగా తరిగి కూరలో కలిపేయొచ్చు. గుమ్మడి గింజలు కడిగి ఎండబెట్టి వేయిస్తే పిల్లలు సాయంత్రం తింటారు.

శనివారం: ముక్కల పులుసు

వారం చివర ఫ్రిజ్జులో ఏం మిగులుతుందో మీకూ తెలుసు: అర ఆనపకాయ, గుమ్మడి ముక్క, ఒక ములక్కాడ, రెండు వంకాయలు, నాలుగు బెండకాయలు, వడలిన పచ్చిమిర్చి. కొందరు దప్పళం అంటారు, మా ఇంట్లో ముక్కల పులుసు. ఈ గడిని ఎప్పుడూ శనివారానికే ఉంచండి.

ముక్కలన్నీ పెద్దగా తరగండి. గట్టివి ముందు వేయాలి: ములక్కాడ, గుమ్మడి. అవి సగం ఉడికాక ఆనప, వంకాయ. బెండకాయలు కొద్ది నూనెలో వేయించి చివర్లో వేస్తే జిగురు రాదు. నిమ్మకాయంత చింతపండు నానబెట్టి పిండిన రసం, ఉప్పు, పసుపు, కారం. ఆపైన అనకాపల్లి బెల్లం ముక్క, సుపారీ అంత. చెంచా బియ్యప్పిండి నీళ్ళలో కలిపి పోస్తే పులుసు చిక్కబడుతుంది. ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకు పోపు పెట్టి మూత వేసేయండి. మధ్యాహ్నం వండింది రాత్రికి ఇంకా బాగుంటుంది.

ఆ గిన్నె పొయ్యి దించాక కూరల అర ఖాళీ చేసి తడిగుడ్డతో తుడవండి. పేపర్లు మార్చండి. చీటీ వెనక పక్కన కొత్తగా పద్నాలుగు గళ్ళు గీసి, ఏడు వందలూ లెక్కపెట్టి పర్సులో పెట్టి, సంచులు తలుపు గడియకి తగిలించండి. ఆరున్నరకల్లా గేటు దగ్గర ఉండాలి కదా.